నడిసముద్రం అడుగున గుల్లల మట్టి

భీమవరం చుట్టుపక్కల రొయ్యల రైతు పొద్దున్నే చెరువు గట్టెక్కి ముందుగా చూసేది నీటి రంగు. నీరు లేత గోధుమ రంగుకు తిరిగితే మొహం విప్పారుతుంది. ‘ప్లాంక్టన్ బాగుంది, డయాటమ్ వచ్చింది’ అంటాడు. గ్లాసుతో ముంచి వెలుతురుకు పెట్టి చూస్తాడు. ఆ గ్లాసెడు నీళ్లలో కంటికి ఆనని ప్రాణులు లెక్కలేనన్ని ఉంటాయని అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు. పాఠ్యపుస్తకాలు ప్లవకాలని పిలిచేవాటిని మన ఆక్వా జిల్లాలు ఎప్పుడో ప్లాంక్టన్ పేరుతోనే ఇంట్లో మాట చేసుకున్నాయి.

సముద్రంలో కూడా వీటిని తినేవాళ్లే ఎక్కువ. అయితే తినేవాడికి పనికొచ్చేది లోపలి మెత్తని జీవపదార్థం. చాలా రకాల ప్లాంక్టన్‌కు దాని చుట్టూ ఒక గుల్ల ఉంటుంది. కొన్నింటిది సున్నపు గుల్ల, కొన్నింటిది గాజు గుల్ల. ప్రాణం పోయాక ఆ గుల్ల కిందికి దిగుతుంది. మూడు, నాలుగు, ఐదు కిలోమీటర్ల నీటిని దాటుకుని, వెలుతురన్నదే లేని అడుగుకు చేరుతుంది. కోట్ల ఏళ్లుగా ఈ వాన ఆగలేదు. లోతు సముద్రపు అడుగులో దాదాపు సగం సున్నపు గుల్లల మట్టితో కప్పి ఉంది. ఇంకో ఏడో వంతు గాజు గుల్లలది. అంటే మొత్తం భూగోళం మీద నాలుగో వంతుకు పైగా మనం నడవని ఒక తెల్లని నేల పరుచుకుని ఉంది. అది తయారైంది ఇసుకరేణువు కంటే చిన్న ప్రాణుల గూళ్లతో.

శాస్త్రవేత్తలు దీన్ని ఊజ్ అంటారు. అడుగు మట్టిలో కనీసం 30 శాతం ఇలాంటి గుల్లలు ఉంటేనే ఆ పేరు. మనం రొంపి అనుకోవచ్చు. చేతిలోకి తీసుకుంటే తడిపిన సున్నంలా మెత్తగా, వేళ్ల మధ్య జారిపోతూ ఉంటుంది.

మన ఊళ్లలో పూర్వం గుల్లసున్నం కాల్చేవారు. వాగుల్లో, కయ్యల్లో దొరికే నత్తగుల్లలు, ఆల్చిప్పలు పోగేసి బట్టీలో కాల్చితే గోడలకు వేసే సున్నం వచ్చేది. గుల్ల అంటే గట్టిపడ్డ సున్నమేనని మన పెద్దలకు అలా తెలుసు. సముద్రపు ప్లాంక్టన్‌లో ఫొరామినిఫెరా (క్లుప్తంగా ఫొరామ్‌లు) అనే ఏకకణ జీవులు చేసేది ఆ పనే. నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, కార్బొనేట్‌లను జతచేసి ఒక్కో గదీ కట్టుకుంటూ పోతాయి. మొదట చిన్న గది, దాని పక్కన కాస్త పెద్దది, దాని పక్కన ఇంకా పెద్దది. పూర్తయ్యాక చూస్తే ద్రాక్షగుత్తిలా ఉంటుంది. గోడ నిండా సన్నని రంధ్రాలు. పరిమాణం మహా అయితే ముగ్గుపిండిలో ఒక పలుకంత. నీటి పైపొరల్లో తేలుతూ బతికే రకాలు ఇవాళ యాభై లోపే ఉన్నాయి. ఒక్కోదాని ఆయుష్షు సుమారు ఒక నెల.

వీటికన్నా ఎంతో చిన్నవి కోకోలితోఫోర్‌లు. మొక్కల్లా ఎండతో ఆహారం చేసుకునే కణాలివి. ఒంటి చుట్టూ బండిచక్రాల్లాంటి సున్నపు బిళ్లలు పేర్చుకుంటాయి. ఒక్కో బిళ్ల మన తలవెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. ఇవి విపరీతంగా పెరిగినప్పుడు సముద్రం వందల కిలోమీటర్ల మేర పాలు కలిపినట్టు తెల్లబడి ఉపగ్రహాల కంటికి కూడా కనిపిస్తుంది. ఇంగ్లండ్ దక్షిణ తీరంలో డోవర్ దగ్గరి తెల్లని కొండచరియలు డైనోసార్ల కాలంలో సముద్రం అడుగున పేరుకుని, తర్వాత పైకి లేచిన ఈ బిళ్లల గుట్టలే. అసలైన సుద్ద అదే. మన బడుల్లో వాడే సుద్దముక్కలు ఎక్కువగా జిప్సమ్‌తో చేసినవి కాబట్టి వాటిలో వెతికితే దొరకవు.

గాజు గుల్లల వాళ్లలో ఒకటి మన చెరువు డయాటమ్. మూత ఉన్న డబ్బీలా రెండు పెంకులు, వాటి మీద జాలీపని. రెండోది రేడియోలేరియా. ఇది జంతువుల తరహాలో వేటాడి తినే ఏకకణ జీవి. దాని గాజు గూడు ముళ్లబంతిలా ఉంటుంది.

ఈ మట్టి సంగతి మనుషులకు తెలిసింది టెలిగ్రాఫ్ పుణ్యమా అని. 1850ల్లో యూరప్‌కూ అమెరికాకూ మధ్య అట్లాంటిక్ అడుగున తీగ వేయాలనుకున్నారు. తీగ పరుచుకునే చోటు రాయా, బురదా అన్నది తెలియాలి. ఓడల మీంచి తాడు వదిలి లోతు కొలుస్తూ, తాడు చివరి గొట్టంలో కాస్త మట్టి పైకి తెచ్చారు. సూక్ష్మదర్శిని కింద పెడితే మట్టి ఏదీ? అన్నీ గుల్లలే. 1857లో సైక్లోప్స్ అనే ఓడ తెచ్చిన నమూనాలను బ్రిటిష్ జీవశాస్త్రవేత్త థామస్ హక్స్‌లే పరిశీలించి, వాటిలోని సున్నపు బిళ్లలను గుర్తించి కోకోలిత్ అని పేరు పెట్టారు. 1868లో మళ్లీ అవే సీసాలు తెరిచి చూస్తే ఆ బిళ్లల మధ్య జిగట పదార్థం కనబడింది. సముద్రం అడుగంతా పాకిన ఆదిమ జీవపదార్థం అదేనని ఆయన నమ్మారు. దానికి బాతిబియస్ అని పేరు కూడా పెట్టారు. కొన్నేళ్ల తర్వాత సముద్ర పరిశోధన యాత్ర చేసిన ఛాలెంజర్ ఓడ మీది రసాయనవేత్త జాన్ బుకానన్ అసలు గుట్టు విప్పారు. నమూనా చెడిపోకుండా పోసిన ఆల్కహాల్ సముద్రపు నీటితో కలిసినప్పుడు అడుగున పేరుకునే కాల్షియం సల్ఫేట్ అది. సంగతి తెలియగానే హక్స్‌లే తన పొరపాటును బహిరంగంగా ఒప్పుకున్నారు. ఈ కథలో నాకు ఎక్కువగా నచ్చే చోటు ఇది. అంతటి పేరున్న మనిషి తన మాట తప్పని ఒప్పుకున్నారు.

ఛాలెంజర్ 1872 డిసెంబరులో ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్ నుంచి బయలుదేరి 1876లో తిరిగొచ్చింది. మహాసముద్రాలు తిరుగుతూ వందల చోట్ల అడుగు మట్టి తీసింది. అప్పటికి ఒక పెద్ద వాదం నడుస్తూ ఉండేది. ఈ ఫొరామ్‌లు అడుగునే పుట్టి అడుగునే చస్తాయా, పైన బతికి కిందికి రాలతాయా? యాత్రకు నాయకుడైన వైవిల్ థామ్సన్ మొదట్లో అడుగు పక్షమే. ఆయన కింద పనిచేసిన జాన్ మరే సన్నని బట్ట వలను నీటి పైపొరల్లో లాగించి చూశారు. అడుగు మట్టిలో ఖాళీగా కనబడిన గుల్లలే వలలో ప్రాణంతో, సన్నని ముళ్లతో దొరికాయి. ఎక్కడ పైన ఏ రకం తేలుతోందో అక్కడ కింద ఆ రకమే పేరుకుని ఉంది. థామ్సన్ మనసు మార్చుకున్నారు. 1891లో మరే, బెల్జియం శాస్త్రవేత్త రెనార్ కలిసి వెలువరించిన గ్రంథం నుంచే లోతు సముద్రపు మట్టికి ఇవాళ్టి పేర్లు చాలావరకు వచ్చాయి.

ఇక్కడో చిక్కుముడి ఉంది. కోకోలిత్ బిళ్ల అంత తేలికైనది ఒంటరిగా కిందికి దిగాలంటే దశాబ్దాలు పడుతుంది. ఈలోపు నీటి వాలు దాన్ని ఎక్కడికో మోసుకుపోవాలి, లేదా అది దారిలోనే కరిగిపోవాలి. మరి పైనున్నది సరిగ్గా కిందే ఎలా దొరుకుతోంది? జవాబు కోపిపాడ్ అనే చిన్న రొయ్యలాంటి జీవి కడుపులో ఉంది. అది వేలాది కోకోలితోఫోర్‌లను మింగి, అరిగినంత అరిగించుకుని, బిళ్లలన్నిటినీ ఒక పల్చటి పొరలో చుట్టి విసర్జిస్తుంది. ఆ మూట బరువుగా ఉండి రోజుకు వంద మీటర్లకు పైగా దిగగలదు. దశాబ్దాల ప్రయాణం వారాల్లో అయిపోతుంది. చనిపోయిన కణాలు, జిగురు, విసర్జితాలు కలిసి తెల్లని తునకలుగా రాలడాన్ని సముద్రపు మంచు అని పిలుస్తారు.

రాలినవన్నీ మిగలవు. గుడ్డు పెంకు మీద నిమ్మరసం పిండి చూడండి. బుడగలు లేస్తాయి, పెంకు మెల్లగా పల్చబడుతుంది. లోతు సముద్రంలో సున్నపు గుల్లకు జరిగేది దాదాపు అదే. గోలీసోడా చల్లగా, బిగువుగా ఉన్నంతసేపు గ్యాస్ నీళ్లలోనే ఉన్నట్టు, చల్లని లోతు నీటిలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా నిలుస్తుంది. పైనుంచి రాలిన జీవపదార్థం కుళ్లే కొద్దీ ఇంకా చేరుతుంది. అది నీటికి కాస్త ఆమ్లగుణం ఇస్తుంది. ఆ పైన నీటి ఒత్తిడి ఒకటి. ఈ మూడూ కలిసి ఒక లోతు దాటాక సున్నం పడేదానికంటే కరిగేదే ఎక్కువైపోతుంది. పసిఫిక్‌లో ఆ గీత సుమారు 4,500 మీటర్ల దగ్గర ఉంటే అట్లాంటిక్‌లో ఇంకా కిందికి, 5,000 మీటర్ల దాకా ఉంది. పసిఫిక్ అడుగు నీరు శతాబ్దాల తరబడి పైకి రాకుండా తిరిగి తిరిగి ఎక్కువ కార్బన్ డయాక్సైడ్ పోగేసుకున్నది కావడమే ఈ తేడాకు కారణం.

హిమాలయాల్లో ఒక ఎత్తు పైన మంచు నిలుస్తుంది, దాని కింద నిలవదు. సముద్రంలోని కొండలదీ అదే తీరు. శిఖరాల మీదా, వాలుల మీదా తెల్లని సున్నపు రొంపి ఉంటుంది. గీత కిందికి దిగితే అది మాయమవుతుంది. 1875 మార్చి 23న ఛాలెంజర్ పశ్చిమ పసిఫిక్‌లో 4,475 ఫాదమ్‌ల లోతు, అంటే 8 కిలోమీటర్లకు పైగా కొలిచింది. అక్కడి మట్టిలో ఎక్కువగా ఉన్నవి రేడియోలేరియా గాజు గుల్లలు. సున్నం అంతా దారిలోనే కరిగింది. గాజు కూడా శాశ్వతం కాదు. సముద్రపు నీరు దాన్ని ఏ లోతులోనైనా కరిగిస్తూనే ఉంటుంది. ఏటా సముద్రంలో తయారయ్యే గాజు గుల్లల్లో చివరికి అడుగున నిలిచేది నూటికి మూడు పాళ్లే. అందుకే డయాటమ్‌లు దండిగా పుట్టే అంటార్కిటికా చుట్టూ, ఉత్తర పసిఫిక్‌లో గాజు రొంపి దట్టంగా ఉంది. సున్నమూ గాజూ రెండూ నిలవని చోట గాలి తెచ్చిన ధూళి మాత్రం దిగి ఎర్రమట్టి అవుతుంది. అది వెయ్యేళ్లకు ఒక మిల్లీమీటరు పెరిగితే గొప్ప. సున్నపు రొంపి నయం, వెయ్యేళ్లకు ఒకటి నుంచి మూడు సెంటీమీటర్లు.

మరి మన బంగాళాఖాతం? విశాఖ ఎదురుగా లోతుకు వెళ్తే ఈ తెల్లని మట్టి దొరుకుతుందా? అంత తేలిగ్గా దొరకదు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ ఏటా తెచ్చి పోసే ఒండ్రులో గుల్లలు కలిసిపోతాయి. హిమాలయాల మట్టి శ్రీలంక దాటి దక్షిణానికి, సుమారు 3,000 కిలోమీటర్ల దూరం పరుచుకుని ఉంది. ఒండ్రు అందని ఎత్తు మీద వెతకాలి. 90 డిగ్రీల తూర్పు రేఖాంశం వెంబడి ఉత్తర దక్షిణాలుగా సాగే నైంటీఈస్ట్ రిడ్జ్ అనే సముద్రగర్భ పర్వతశ్రేణి అలాంటి ఎత్తు. దాని తల మీద సున్నపు రొంపి చక్కగా పేరుకుంది. 2014–15లో జాయిడెస్ రిజల్యూషన్ అనే డ్రిల్లింగ్ ఓడ మన రుతుపవనాల చరిత్ర కోసం అక్కడా, మహానది ఎదుటా, అండమాన్ దగ్గరా మట్టి స్తంభాలు తీసింది. కన్యాకుమారికి చాలా దక్షిణంగా మధ్య హిందూ మహాసముద్రంలో గాజు రొంపి ఉంది. దాని మీదే మాంగనీసు, నికెల్, రాగి, కోబాల్ట్ కలిసిన నల్లని గడ్డలు పరుచుకుని ఉన్నాయి. 1981లో గవేషణి అనే మన ఓడ ఇలాంటి గడ్డలను భారత్ తరఫున మొదటిసారి పైకి తెచ్చింది. ఇవాళ మధ్య హిందూ మహాసముద్రంలో 75,000 చదరపు కిలోమీటర్లలో అన్వేషించే హక్కు భారత్‌కు ఉంది. ఆ గడ్డ పది లక్షల ఏళ్లకు పెరిగేది కొన్ని మిల్లీమీటర్లే. గనుల యంత్రం కదిలితే దాని కింది మెత్తని రొంపి మేఘంలా లేస్తుంది. దిగడానికి యుగాలు పట్టిన మట్టి అది. తవ్వకానికి తొందరపడే ముందు ఆ లెక్క కూడా చూసుకోవాలన్నది నా అభిప్రాయం.

ఈ మట్టిని చదివే పని ఓపికతో కూడినది. ఓడ మీంచి పొడవాటి గొట్టం దించి మట్టి స్తంభం తీస్తారు. ప్రయోగశాలలో దాన్ని నిలువునా రెండుగా చీల్చి, సెంటీమీటరు చొప్పున ముక్కలు తీస్తారు. ఒక్కో ముక్కను నీళ్లలో నానబెట్టి చాలా సన్నని జల్లెడలో, సన్నధార కింద కడుగుతారు. బురద జారిపోయి జల్లెడలో తెల్లని ఇసుకలాంటిది మిగులుతుంది. ఆరబెట్టి, నల్లని పలక మీద చల్లి, సూక్ష్మదర్శిని కింద పెడతారు. అప్పుడు కనబడేవన్నీ గుల్లలే. కుంచె కొసను తడిచేసి, బియ్యంలో రాళ్లేరినట్టు ఒక్కో జాతినీ ఏరి పక్కన పెడతారు. ఒక్క మట్టి స్తంభానికి నెలలు పడుతుంది.

అలా ఏరిన గుల్ల థర్మామీటరులా పనిచేస్తుంది. ఆక్సిజన్‌లో తేలికరకం, బరువురకం ఉన్నాయి. సముద్రం ఆవిరైనప్పుడు తేలికరకం ఉన్న నీరు ఎక్కువగా పైకి లేస్తుంది. మంచుయుగంలో ఆ నీరు ధ్రువాల దగ్గర మంచుగుట్టలై చిక్కుకుపోతుంది. సముద్రంలో బరువురకం పాలు పెరుగుతుంది. ఆ నీళ్లలోంచి కట్టుకున్న గుల్లలోనూ అదే నిష్పత్తి నిలిచిపోతుంది. 1955లో శాస్త్రవేత్త ఛెజారే ఎమిలియాని ఈ పద్ధతితో గడచిన మంచుయుగాల ఎగుడుదిగుళ్లను లెక్కకట్టారు. ఇవాళ సముద్రాల్లో ఎక్కువగా కనబడే కోకోలితోఫోర్ పేరు ఎమిలియానియా హక్స్‌లేయి. ఆయన పేరూ హక్స్‌లే పేరూ కలిపి పెట్టినది. 1976లో హేస్, ఇంబ్రీ, షాకిల్టన్ అనే శాస్త్రవేత్తలు దక్షిణ హిందూ మహాసముద్రం నుంచి తీసిన రెండు మట్టి స్తంభాలు చదివి, మంచుయుగాలు భూకక్ష్యలోని మార్పుల తాళానికి అనుగుణంగా వచ్చిపోతున్నాయని చూపారు. భూమి వాతావరణ చరిత్ర గురించి ఇరవయ్యో శతాబ్దంలో తెలిసిన గొప్ప విషయాల్లో ఇదొకటి.

మన వానల చరిత్రా ఈ మట్టిలోనే ఉంది. నైరుతి గాలి బలంగా వీస్తే ఒమన్ తీరాన అడుగునున్న చల్లని నీరు పైకి పొంగుతుంది. ఆ చల్లదనాన్ని ఇష్టపడే గ్లోబిజెరీనా బుల్లాయిడ్స్ అనే ఫొరామ్ అప్పుడు తామరతంపరగా పెరుగుతుంది. మట్టిలో దాని పాలు లెక్కపెడితే ఏ శతాబ్దంలో రుతుపవనాలు ఎంత బలంగా ఉన్నాయో తెలుస్తుంది. ఖరగ్‌పూర్ ఐఐటీ శాస్త్రవేత్త అనిల్ గుప్తా, సహచరులు 2003లో ఇలాగే గత పదివేల ఏళ్ల రుతుపవనాల బలహీనతలను బయటపెట్టారు. ఇంకా మనకు దగ్గరిది గోదావరి కథ. 2006లో సహజవాయువు నిక్షేపాల కోసం గోదావరి ముఖద్వారం ఎదుట తీసిన మట్టిని తర్వాత వాతావరణ చరిత్ర కోసం చదివారు. అందులో ఫొరామ్ గుల్లలతోపాటు నది మోసుకొచ్చిన ఆకుల మైనం ఉంది. 2012లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం గోదావరి పరివాహక ప్రాంతం సుమారు 4,000 ఏళ్ల కిందటి నుంచి 1,700 ఏళ్ల కిందటి దాకా క్రమంగా ఎండుతూ వచ్చింది. కరవుకు తట్టుకునే మొక్కలు పెరిగాయి. తెలంగాణ, మరాఠ్వాడా మెట్టనేలల రూపు ఎలా మారుతూ వచ్చిందో సముద్రం అడుగు మట్టి చెప్పింది.

ఈ మట్టి హెచ్చరిక కూడా చేస్తుంది. ఆఫ్రికాకు నైరుతిగా అట్లాంటిక్‌లోని వాల్విస్ రిడ్జ్ మీద 2003లో తీసిన మట్టి స్తంభాల్లో తెల్లని సున్నపు రొంపి ఒక చోట ఉన్నట్టుండి ఎర్రమట్టిగా మారుతుంది. 5 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట గాలిలోకి కార్బన్ పెద్దఎత్తున చేరి భూమి ఐదారు డిగ్రీలు వేడెక్కిన కాలపు గుర్తు అది. సముద్రం పులిసి, సున్నం కరిగే గీత రెండు కిలోమీటర్లకు పైగా పైకి లేచింది. ఆ ఎర్ర పట్టీ పైన మళ్లీ తెలుపు మెల్లగా తిరిగొచ్చింది. సముద్రం ఆ దెబ్బ నుంచి తేరుకోవడానికి లక్ష ఏళ్ల పైమాటే పట్టింది. ఇవాళ మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు నాలుగో వంతు సముద్రమే మింగుతోంది. పారిశ్రామిక యుగం మొదలయ్యాక ఉపరితల నీటి ఆమ్లత సుమారు 30 శాతం పెరిగింది. అడుగున ఉన్న సున్నం కరిగి ఈ పులుపును చివరికి విరగ్గొట్టగలదు. దానికి వేల ఏళ్లు కావాలి. మనం కార్బన్ వదులుతున్నది రెండు మూడు వందల ఏళ్లలో.

ఈ ప్రాణుల జాడ చూడటానికి ఓడ ఎక్కాల్సిన పనిలేదు. రాజమహేంద్రవరం దగ్గర కాతేరు, గౌరీపట్నం, దుద్దుకూరు క్వారీల్లో కంకర కోసం కొట్టే నల్లరాయి కోట్ల ఏళ్ల కిందట పారిన దక్కన్ లావా. దిగువ లావాకూ ఎగువ లావాకూ మధ్య లేతరంగు సున్నపురాతి పొర ఒకటుంది. లోతు సముద్రం కాదుగానీ అప్పుడక్కడికి సముద్రం వచ్చింది. ఆ పొరలోని తేలియాడే ఫొరామ్‌ల గుల్లలను బట్టి, డైనోసార్లు అంతరించిన వెంటనే వచ్చిన కాలం నాటిదని శాస్త్రవేత్త గెర్టా కెల్లర్ బృందం 2008లో తేల్చింది. 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందటి ఆ ఉత్పాతంలో ప్లాంక్టన్ ఫొరామ్‌లూ తుడిచిపెట్టుకుపోయినంత పనయింది. మిగిలిన కొద్దిపాటి చిన్న జాతుల వారసులు ఈ పొరలో ఉన్నారు. దక్కన్ లావా ప్రవాహాల ప్రధాన ఘట్టం ఎప్పుడు ముగిసిందన్న ప్రశ్నకు ఈ గోదావరి గుల్లలు సాక్ష్యమిచ్చాయి.

ప్రపంచ శాస్త్రవేత్తలు వెతుక్కుంటూ వచ్చిన ఆ పొర రోడ్డు కంకర క్వారీల గోడల్లో ఉంది. ఆ గోడల్లో ఒక్కదాన్నయినా కొట్టకుండా, కంచె వేసి, తెలుగులో ఒక బోర్డు పెట్టి పిల్లలకు చూపేందుకు ఉంచాలని అధికారులకూ, క్వారీ యజమానులకూ నా విన్నపం.